అడవి వీరుడికి ఎవరి మొహం?

పొద్దున్నే ఫోన్లో ఆ పాతకాలపు అమెరికా అడవి వీరుడి బొమ్మలు కనబడ్డాయి. తోక వేలాడే బొచ్చు టోపీ, పొడుగు తుపాకీ. మన బందరు బడి గోడ మీదా ఉండేవాడు, గుర్తుందారా?

ఆ బొమ్మ కోసం డ్రాయింగు మాస్టారు మా ప్రసాదు బావ చేతికి తుపాకీ బదులు పడవ తెడ్డిచ్చి నిలబెట్టారు. టోపీ తోక ఏ జంతువుదో తెలీక ముంగిస తోక వేశారు.

"నేను నిలబడతానండీ" అన్నాను.

"నువ్వు ఎలుగుబంటివి. వాడి కాళ్ల దగ్గర పడుకో."

బడంతా బావనే పొగిడింది. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇవాళ చూస్తే, ఒక్కో చిత్రకారుడు ఆ వీరుడికి ఒక్కో మొహం పెట్టాడు. అసలు మొహం ఎవరికీ సరిగ్గా తెలీదన్నమాట!

మరి నాది పెడితే మీ సొమ్మేం పోయేది మాస్టారూ?