పీపాల వెర్నన్

వెర్నన్ హ్యాగర్టీకి అరవై దాటాయి. ఎప్పటికైనా మళ్లీ బతికిస్తారన్న ఆశతో చనిపోయినవాళ్లను గడ్డకట్టించి దాచే సంస్థలో, ఆ అరిజోనా ఎడారిలో, పీపాలు చూసుకునేది అతనే. రోజూ పొద్దున్నే మందపాటి తొడుగులు వేసుకుని, నిలువెత్తు ఉక్కు పీపాల్లోకి పుల్ల దించి ద్రవ నత్రజని మట్టం చూస్తాడు. దించేముందు లోపలివాళ్లను పేరుపెట్టి పలకరిస్తాడు. చూడవచ్చినవాళ్లు పక్క ఊళ్లో ఇలాంటిదే ఇంకో సంస్థ సంగతి ఎత్తితే మాత్రం, "అదా, చేపల కొట్టండీ!" అని నవ్వేవాడు.

ఆ జులైలో నత్రజని తెచ్చే లారీ దారిలో బోల్తాపడింది. మట్టం జానెడు తగ్గేసరికి, వెర్నన్ సిగ్గు చంపుకుని ఆ పక్క ఊరికే ఫోన్ చేశాడు. మూడు గంటల్లో అక్కడి డోరిస్ పెల్కీ తమ సొంత నిల్వ ట్రక్కులో వేసుకొచ్చి, చెమటలు కక్కుతూ గొట్టం బిగించింది.

వెర్నన్ తలెత్తలేదు. "డోరిస్ గారూ, కిందటేడు మీ పీపా కారుతోందని మీరు సాయానికి ఫోన్ చేస్తే, ఇక్కడెవరూ లేరని పెట్టేసింది నేనే."

"తెలుసయ్యా. గొంతు గుర్తుపట్టాను."

"మరి ఆ పీపా?"

"అందులో మా అక్క ఉండేది. పూడ్చిపెట్టుకున్నాం. గొట్టం గట్టిగా పట్టుకో, ఇక్కడివాళ్లయినా మిగలాలి."

వెర్నన్ రెండు చేతులా పట్టుకున్నాడు. పీపా నిండేదాకా ఆమె ముఖం వంక చూడలేకపోయాడు.