నాకూ వైఫై బాక్స్‌కూ మధ్య

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే నేను కాఫీ కప్పు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతాను. భయంతో కాదు, విసుగుతో. పదకొండేళ్ళుగా నెట్‌వర్క్ ఇంజినీర్‌ని. ఏ సమస్యకైనా ఒక కేబులో, ఒక సెట్టింగో కారణమని నా నమ్మకం. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మేముండేది అమెరికాలో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో. చిన్న చిన్న బ్రాంచ్ ఆఫీసులకు సురక్షితమైన నెట్‌వర్క్ పెట్టడం మా పని. గోడల్లో వైర్లు, గోడ మీద వైఫై బాక్స్, బయట తిరిగే ఉద్యోగులు తమ లాప్‌టాప్‌తో భద్రంగా ఆఫీస్‌లోకి కనెక్ట్ అయ్యే ఏర్పాటు. చివర్లో లాప్‌టాప్ పట్టుకుని ఆఫీసంతా నడుస్తూ సిగ్నల్ కొలవాలి. బాగుంటే తెరమీద ఆకుపచ్చ, తగ్గితే పసుపు. అంతా ఆకుపచ్చ అయితేనే క్లయింట్ సంతకం పెడతాడు.

ఒక బ్రాంచ్‌కి శుక్రవారంలోగా సంతకం రాకపోతే నా ప్రాజెక్టు పోయేది. ఇక వీసా ఎక్స్‌టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

బుధవారం పొద్దున ఒక్కదాన్నే వెళ్ళాను. కుర్చీలు కూడా ఇంకా రాని ఖాళీ ఆఫీసు. మొదటి గదిలో పసుపు. రెండో గదిలోనూ పసుపే. బాక్స్‌కి రెండడుగుల దూరంలో నిలబడ్డా అంతే. లాప్‌టాప్ మార్చాను, బాక్స్ మార్చాను, కొత్త వైరు వేశాను.

మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే. ఆ నీళ్ళు సిగ్నల్‌ని మింగేస్తాయి. బాక్స్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య ఒక మనిషి నిలబడితే ఎంత తగ్గుతుందో నాకు కంఠతా వచ్చు. సరిగ్గా అంతే తగ్గింది.

మా టీమ్ లీడ్ సుధాకర్ గారికి ఫోన్ చేశాను.

"నువ్వే అడ్డం ఉన్నావేమో శైలజా, ఇటు తిరిగి చెక్ చెయ్" అన్నారు.

తిరిగాను. తేడా లేదు. లాప్‌టాప్‌ని కిటికీ గట్టు మీద వదిలేసి, బయట కార్‌లో కూర్చుని ఆ కొలతల్ని ఫోన్‌లో చూశాను. ఆకుపచ్చ. మళ్ళీ లోపలికెళ్ళి లాప్‌టాప్ పక్కన నిలబడగానే పసుపు.

అంటే అడ్డం ఆఫీసులో లేదు. నాతో వస్తోంది.

మర్నాడు సుధాకర్ గారే వచ్చి నడిచారు. నేను కార్ దిగలేదు. అంతా ఆకుపచ్చే వచ్చింది. శుక్రవారం సంతకం పడింది.

ఇంట్లో మాత్రం అది వదల్లేదు. నేను పక్కన కూర్చుంటే చాలు, మా ఐదేళ్ళ మిన్ని టాబ్లెట్‌లో వీడియో ఆగిపోయేది.

"అమ్మా, యూ గో అటు. వీడియో స్టక్ అయింది" అని నన్ను తోసేది. నేను లేచి వెళ్తే ఆడేది. దాని ముందు నవ్వేదాన్ని.

రెండు వారాల తర్వాత పక్క ఊరు ప్లేనోలో ఇంకో బ్రాంచ్. భయపడుతూనే లాప్‌టాప్ తెరిచాను. మొదటి గది ఆకుపచ్చ. తర్వాతి గది కూడా. ఆఫీసంతా తిరిగినా ఒక్కచోట పసుపు లేదు. ఆ సంతోషానికి ఏడుపొచ్చేసింది. అక్కడినుంచే ఇంటికి ఫోన్ చేశాను.

మా ఆయన కిరణ్ ఎత్తాడు. నేను నోరు తెరిచేలోపే అందుకున్నాడు.

"శైలూ, ఈ రౌటర్ సంగతేంటో చూడవే. మిన్నికి సెలవులు కదా, పొద్దున్నుంచి ఏ రూమ్‌లో కూర్చున్నా వీడియో ఆగిపోతోంది. నా లాప్‌టాప్‌లో బానే వస్తోంది మరి."

నేను ఇంటికి పది మైళ్ళ దూరంలో ఉన్నాను.

ఆ సాయంత్రమే రౌటర్ మార్చాను. తర్వాత టాబ్లెట్ కూడా మార్చాను. అయినా మిన్ని చేతిలో వీడియో ఆగుతూనే ఉంది. కారణం ఇప్పటికీ తెలియదు. రోజూ పొద్దున ఆఫీస్‌లో లాప్‌టాప్ తెరవగానే పసుపు కనపడితే, అది నా దగ్గరికే తిరిగొస్తే బాగుండునని కోరుకుంటాను. ఆకుపచ్చే కనపడుతుంది.