బూడిద రంగు వాక్యాలు

మా అత్త బైబిలు యాప్‌లోని బూడిద రంగునంతా సంఘం కార్యదర్శి ఊడ్చేశాడు. పైగా మేలు చేశాననుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది అందుకే.

అత్త దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కన కత్తెర్ల డబ్బాకు ఆనించిన టాబ్లెట్. ఆమె అంచులు కుడుతుంటే యాప్ చదివి వినిపిస్తుంది. ఏదైనా మనసుకు తగిలితే మిషను ఆపి ఆ వాక్యానికి రంగు వేస్తుంది. ధైర్యం చెప్పేవాటికి పసుపు, చేసి తీరాల్సినవాటికి ఆకుపచ్చ, అర్థం కానివాటికి బూడిద. బూడిద వేసిన ప్రతిచోటా కింద నోట్సులో తన ప్రశ్న రాసుకుంటుంది. "ప్రభువా, తప్పు పెద్దవాళ్ళది, చచ్చింది పిల్లలా?" అన్నట్టుంటాయవి. నాకు ఏ సంఘం మీదా గురి లేదు. ఆ ప్రశ్నల మీద మాత్రం ఉంది. నేను దొరికిందల్లా చదివినవాణ్ణి. అంత సూటిగా అడిగిన పుస్తకాలు నాకు తక్కువే దొరికాయి.

ఆ ఆదివారం ఆడవాళ్ళ బైబిలు తరగతిని అత్త మొదటిసారి నడపాలి. తన ప్రశ్నలతోనే నడపాలని ఆమె పట్టుదల. టాబ్లెట్‌ను గోడమీది పెద్ద తెరకు కలిపి చూస్తానని కార్యదర్శి పట్టుకెళ్ళాడు. తిరిగి తెచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"అక్కా, అంతా సర్దేశాను. ఆ బూడిదవి చూస్తే వచ్చినవాళ్ళ విశ్వాసం సడలుతుందని నోట్సుతో సహా తీసేశా. ఇప్పుడు అద్దంలా ఉంది."

"తెర తగిలించమంటే ఇల్లు ఊడ్చి వచ్చావా తమ్ముడూ?"

"పాఠం నేను రాసిస్తాలే. మీరు చదివేస్తే చాలు."

"చదవడానికి ఇది ఉందిగా," అని అత్త టాబ్లెట్ మీద వేలితో కొట్టింది. "మధ్యలో నేనెందుకు?"

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అత్త మాత్రం దారపు ఉండల కింద నుంచి అద్దం పగిలిన పాత ఫోను తీసింది. చాలాకాలంగా నెట్ లేదు దానికి. ఛార్జింగ్ పెట్టి అందులోని యాప్ తెరిస్తే బూడిద రంగు అలాగే ఉంది! ఆ సంతోషంలో ఆమె నెట్ పెట్టబోయింది.

"అత్తా, ఆగు! నెట్ తగిలిందంటే టాబ్లెట్‌ను చూసి ఇదీ తుడిచేసుకుంటుంది."

"అయితే కూర్చో అల్లుడూ. నేను చదువుతా, నువ్వు టాబ్లెట్‌లోకి ఎక్కించు."

సగం దూరం సజావుగా సాగింది. ఒకచోట ఆమె ఆగింది.

"ఇది వదిలెయ్."

"ఎందుకు? మంచి ప్రశ్న కదా?"

"అర్థమైపోయింది."

"ఎప్పుడు?"

"మీ మామయ్య పోయినప్పుడు. పసుపు వెయ్యి."

నేను పసుపు వేశాను. ఆ తర్వాత ఆమె రెండు పసుపువాటిని బూడిదలోకి మార్చమంది. ఎందుకని నేనడగలేదు.

ఆదివారం తెర దగ్గర నన్నే కూర్చోబెట్టింది. పిల్లల ప్రశ్న గోడంత పెద్దదై కనబడింది. గది నిండా ఆడవాళ్ళు. గుమ్మంలో నిలబడ్డ కార్యదర్శి ఉండబట్టలేక, "మరి జవాబేది అక్కా?" అన్నాడు.

"ఉంటే పసుపు వేసేదాన్నిగా!"

గదంతా ఘొల్లుమంది. ఆ నవ్వులోంచే ముందువరుసలోని నర్సు లేచింది. "పిల్లల వార్డులో చేస్తాను. రోజూ నాకిదే ప్రశ్న. ఇన్నాళ్ళూ అడగకూడదేమో అనుకున్నా." ఆమె కూర్చోకముందే ఇంకొకావిడ లేచింది. తరగతి వేళ దాటినా ఎవరూ కదలలేదు. వచ్చేవారం కూడా అత్తే నడపాలని వాళ్ళే తేల్చేశారు.

మొన్న చొక్కాకు గుండీలు కుట్టించుకోవడానికి వెళ్ళాను. బూడిదవి ఏమైనా తగ్గాయా అని అడిగాను.

"తగ్గడమా! అందరూ పంపుతున్నారు, నాకు కుట్టుపని సాగట్లేదు," అని దారం కొరికి, గొంతు తగ్గించింది. "మన కార్యదర్శి కూడా రెండు పంపాడురా. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నువ్వసలే రాతల మనిషివి, ఎక్కడా రాయకు."