మెట్ల మీది పైపు

కాటాల మేస్త్రి అని పేరు పడిందంటే ఊరికే పడలేదు. ఆ చుట్టుపక్కల కొట్లలో ఉన్న త్రాసులన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతిలో పడి బుద్ధి తెచ్చుకున్నవే. ఏ పళ్ళెం బరువెక్కిందో, ఏ ముల్లు బద్ధకిస్తోందో చూడగానే చెప్పేవాడు. చెప్పేవాడంటే నోటితో అనుకునేరు, వేలితో చూపించేవాడు. మనిషి బెల్లం కొట్టిన రాయి. దానికి తోడు నోట్లో ఎప్పుడూ పొగాకు పైపు. "ఊఁ" అంటే అవునని, "ఊహూఁ" అంటే కాదని, రెండూ కాకపోతే పైపు ఒక దవడనుంచి ఇంకో దవడకి మారుతుందని కాటాలు బాగుచేసే ఆయన షెడ్డులో పనివాళ్ళందరికీ తెలుసు. ఇంట్లో భార్యకి అంతకంటే ముందే తెలుసు.

తర్వాత అంకెలు వెలిగే కరెంటు కాటాలు వచ్చాయి. వాటికి ముల్లు లేదు, పాడైతే బాగుచేసేదీ లేదు, పారేసి ఇంకోటి కొనుక్కోవడమే. షెడ్డు మూతపడింది. మేస్త్రి తన పనిముట్ల పెట్టె, ఒక చిన్న ఇత్తడి త్రాసు, పైపు పట్టుకుని ఇంటికొచ్చేశాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఇల్లంటే మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో కిటికీ, కిటికీ పక్కన చేతుల కుర్చీ, ఎదురుగా భార్య పనిచేసుకునే బల్ల. ఆవిడ దర్జీలకి చొక్కాల కాజాలు కుట్టి ఇస్తుంది. తెల్ల చొక్కాలు, కొత్త గుడ్డ. వాటికి పొగ వాసన పట్టిందంటే దర్జీ మొహాన కొడతాడు. అందుకని పెళ్ళయిన కొత్తలోనే తీర్పు అయిపోయింది, పైపు గుమ్మం దాటి లోపలికి రాకూడదని. షెడ్డు ఉన్నన్నాళ్ళూ ఆ తీర్పు ఆయనకి బరువనిపించలేదు. ఇప్పుడు పొద్దస్తమానం మెట్లే గతి. చలిగాలి మోకాళ్ళలోకి దూరుతోంది. పైకీ కిందకీ పోయేవాళ్ళంతా ఆయన్ని దాటుకుంటూ పోవాలి. పై అంతస్తులో ఉండే బావమరిది అయితే ఓ మాట విసరకుండా దాటడు.

"నిన్ను దాటి దాటి నా కాళ్ళు సాగిపోతున్నాయి బావా. లోపలికెళ్ళి కూర్చోరాదూ?"

"ఊఁ."

మేస్త్రికి కావలసింది ఒక్కటే. ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పైపు కాల్చుకోవడం. షెడ్డు పోయినందుకు లోపల ఎంత కుమిలిపోయాడో ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ, ఈ కుర్చీ కూడా దక్కకపోతే ఇక తనకంటూ ఒక చోటే లేనట్టు అనిపించేది. ఉండబట్టలేక ఒకరోజు పైపు నోట్లోంచి తీసి భార్యని అడిగేశాడు.

ఆవిడ దారం కొరికి, "నాకు కడుపులో తిప్పని పొగాకు, గుడ్డకి పట్టని పొగాకు ఏదన్నా ఉంటే తెచ్చుకోండి. లోపలే కాల్చుకుందురు గాని. నేను కాదంటానా?" అంది.

పొగాకు కొట్టావిడ తను ఒక్క దమ్ము కూడా లాగి ఎరగదు, కానీ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆవిడ వెనకాల గోడ పొడవునా గాజు జాడీలు. ఎండుగడ్డి రంగు వర్జీనియా, ముదురు గోధుమరంగు బర్లీ, కట్టెల పొగలో ఆరబెట్టిన నల్లాకు, ఇంకా పళ్ళరసాలు పట్టించినవి కొన్ని. మేస్త్రి అన్నిటిలోకీ ఘుమఘుమలాడే జాడీ ఎంచుకుని, అందులోది పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చాడు. భార్య పొట్లం విప్పి వాసన చూసి "దీనికేం, భేషుగ్గా ఉంది" అంది. ఆయన కుర్చీలో దర్జాగా కూర్చుని, పైపు నింపి అంటించాడు. నాలుగు దమ్ములైనా కాలేదు, ఆవిడ చొక్కాలన్నీ చేతుల్లో పోగేసుకుని వంటింట్లోకి పరిగెత్తి తలుపేసుకుంది.

మర్నాడు సంగతి విని కొట్టావిడ నవ్వలేదు. "జాడీలో వాసన వేరు, గదిలో వాసన వేరు మేస్త్రి గారూ. నిన్నగాక మొన్న పైపు పట్టినవాడు చేయాల్సిన పొరపాటు మీరు చేశారు. పైగా కాల్చేవాడికి తన పొగ తనకి తెలిసి చావదు. పక్కన కూర్చున్నవాళ్ళని అడగాల్సిందే."

ఈ మాట మేస్త్రి బుర్రకెక్కింది. ఏ త్రాసూ తనని తాను తూచుకోలేదు కదా. పక్కన కూర్చునే ముక్కు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, అది భార్యది. ఇక ఆ రోజునుంచి ఆయన పగలు ఇత్తడి త్రాసులో ఆకులు తూచి కలపడం, సాయంత్రం కుర్చీలో కూర్చుని కాసిని దమ్ములు లాగి ఆవిడ్ని అడగడం. ఆవిడ వద్దంటే మిగతాది మెట్ల మీదకి పోయి కాల్చుకోవడం.

"ఎలా ఉంది?"

"బాగాలేదు."

బాగాలేదంటే మేస్త్రికి చాలదు. ముల్లు ఎటు వాలిందో తెలియకుండా ఎవడు మాత్రం ఏం సరిచేస్తాడు? అందుకని ఇంకో ప్రశ్న వేయాల్సి వచ్చింది. "ఎలా బాగాలేదు?"

ఆవిడ సూది ఆపి ఆలోచించింది. "మా చిన్నప్పుడు పక్క వాటాలో జోళ్ళు కుట్టే ఆయన ఉండేవాడు. తోలు నానేసిన నీళ్ళు మా గుమ్మం ముందే పారబోసేవాడు. మా అమ్మకీ ఆయనకీ రోజూ యుద్ధమే. అదిగో, ఆ వాసన."

"ఏ ఇంట్లో?"

"రైలు కట్ట పక్కన ఉండేవాళ్ళంలెండి. మీకు తెలీదు."

ఆయనకి నిజంగానే తెలీదు. ఆ ఇంటి సంగతి, జోళ్ళాయన సంగతి మొత్తం విని, నల్లాకు ఎక్కువైందని తేల్చి, మర్నాడు సగానికి తగ్గించాడు.

ఇంకోసారి తడిసిన కంబళి అంది. వాళ్ళ నాన్న రాత్రి కాపలాకి వెళ్ళి వానలో తడిసి వచ్చేవాడట, ఆ కంబళి కిందే అక్కచెల్లెళ్ళు ముగ్గురూ పడుకునేవాళ్ళట. మేస్త్రి శ్రద్ధగా విని, "తడిగా ఉన్నప్పటి వాసనా, ఆరుతున్నప్పటి వాసనా?" అని అడిగాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించి "ఆరుతున్నప్పటిది" అంది. మర్నాడు బర్లీ ఒక చిటికెడు తగ్గింది. మరోసారి మాడిన ఇస్త్రీ అంది. పెళ్ళికి ముందు ఆవిడ లాండ్రీలో పనిచేసిందని అప్పుడు తెలిసింది ఆయనకి. ఒకేసారి రెండు పెట్టెలు పట్టుకుని ఇస్త్రీ చేసేదట, అక్కడ ఆవిడకి పెద్ద పేరట. పెళ్ళాం ఒకప్పుడు పేరున్న మనిషని ఇన్నేళ్ళకి తెలియడం ఏమిటో, పోనివ్వండి.

"ఏంటి బావా," అన్నాడు బావమరిది మెట్ల మీద, "ఈ మధ్య మీ ఇంట్లోంచి మాటలు వినిపిస్తున్నాయి. రేడియో కొన్నారా?"

చలికాలం పోయి ఎండలు ముదిరాక ఒకరోజు మేస్త్రికి కుదిరింది. వర్జీనియా ఎక్కువ, బర్లీ తక్కువ, నల్లాకు ఉందో లేదో అన్నంత. కొట్టావిడ అక్కడే ఆయనచేత కాల్పించి, కళ్ళు మూసుకుని వాసన చూసి, ఇక చాలు, దీన్ని చెడగొట్టొద్దు అంది. ఇంట్లో అంటిస్తే ఆ వాసనకి బావమరిది పైనుంచి దిగి వచ్చి, పీలుస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. మేస్త్రి వాడు వెళ్ళేదాకా ఆగి భార్యని అడిగాడు.

"ఎలా ఉంది?"

"బాగాలేదు."

"ఎలా బాగాలేదు?"

ఆవిడ సూది వంక చూసింది, కిటికీ వంక చూసింది, ఏదీ చెప్పలేకపోయింది. బరువు పెట్టకుండానే వాలే త్రాసుల్ని మేస్త్రి జన్మంతా చూసినవాడు. ఆయనకి ఒళ్ళు మండింది.

"నువ్వు తూకంలో మోసం చేస్తున్నావు," అన్నాడు. "నన్ను ఆ మెట్ల మీదే కూర్చోబెట్టాలనుంటే ఆ ముక్క చెప్పు. ఇన్నాళ్ళు ఆ కొట్టు చుట్టూ ఎందుకు తిప్పావు?"

ఆవిడ చొక్కా మడిచి పక్కన పెట్టింది. "బాగుంది. దీనికి ముందుదీ బాగుంది. లాండ్రీ సంగతి చెప్పాక తెచ్చిందీ బాగానే ఉంది."

"మరి?"

"బాగుందంటే మీరు ఆ పైపు నోట్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటారు. ఇంక ఊఁ, ఊహూఁ. ఇన్నేళ్ళ కాపురంలో ఎలా ఉంది అని మీరు నన్ను అడిగింది ఈ పొగాకు పుణ్యాన్నే. చెబితే కదలకుండా విన్నారు కూడా. అది పోతుందని బెంగేసింది."

మేస్త్రికి ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది. రెండూ మింగి, ఉన్నమాట చెప్పాడు. "నాకు మాట్లాడటం రాదు. ఏం మాట్లాడాలో తోచదు. నిన్ను అడిగిందంతా పొగాకు కోసమే."

"తెలుసు."

"అది తప్ప ఇంకో సంగతేదీ తెలీదు నాకు."

"పొగాకు గురించే చెప్పండి," అంది ఆవిడ. "నేనేమన్నా వద్దన్నానా?"

ఆయన కుర్చీని బల్ల దగ్గరికి లాక్కున్నాడు. ఎండుగడ్డి రంగు ఆకు ఎందుకు తియ్యగా కాలుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలు వేసింది. కొన్నిటికి జవాబు ఆయనకీ తెలీదు, రేపు కొట్టావిడని కనుక్కుంటానన్నాడు. మాట్లాడుతూ కూర్చుంటే దమ్ము లాగడం ఎక్కడ కుదురుతుంది, చేతిలో పైపు ఆరిపోయింది. ఆవిడ అది చూసి అగ్గిపెట్టె ఆయన ముందుకు తోసింది.

"ఉండు," అన్నాడు మేస్త్రి. "ముందిది చెప్పనీ."