పక్కింటి అక్క రాయించిన ఉత్తరం

నా చిన్నప్పుడు దసరా దాటిందంటే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే. పెద్దలంతా మేస్త్రీ వెంట మట్టిపనికి దూరదేశాలు పోయేవారు. నాకు పదమూడేళ్లప్పుడు అమ్మా బాపూ అట్లాగే పోయారు. నేనూ, చెవులు వినపడని మా అవ్వా మిగిలాం. ఇంట్లో మాట అన్నదే లేకుండా పోయింది.

ఊళ్లో ఆడవాళ్ల ఉత్తరాలన్నీ నేనే రాసిపెట్టేదాన్ని. అబ్బో, ఎంత గర్వమో! అమ్మకు మాత్రం ఎప్పుడూ ఒకటే రాసేదాన్ని: నేను క్షేమం, ఫికర్ చేయొద్దు అని. నిజానికి అన్నం సగం కుక్కకు వేసేదాన్ని. బడి ఎగ్గొట్టి మేకల దొడ్డి వెనక కూర్చుని ఏడ్చేదాన్ని. ఎవరన్నా కనబడితే పళ్లికిలించేదాన్ని. తెలిస్తే అమ్మ పని వదిలేసి వస్తుందేమోనని నా భయం.

ఒకరోజు పక్కింటి అక్క కార్డు ఇచ్చి కూర్చోబెట్టింది. వాళ్లాయన కూడా వలసలోనే ఉన్నాడు. జొన్నరొట్టెలు చేస్తూ ఆమె చెప్తుంటే నేను రాశాను.

"తింటే ముద్ద దిగుతలేదు. మంది ముంగట నవ్వుతున్న గని దొడ్డెనక ఏడుస్తున్న. జర వచ్చి చూసిపో."

ఇంత నవ్వుమొహం మనిషికి ఇంత బాధా అని నాకు జాలేసింది. అడ్రసు బావదేనా అని అడిగాను.

"మీ అమ్మది రాయి. కింద నీ పేరు పెట్టు."

నాకు ఒళ్లు మండింది. కార్డు చింపబోయాను.

"చింపితే చింపు చెల్లె. గని ఎవ్వలకో ఒకలకు చెప్పుకో. గిట్ల లోపలనే పెట్టుకుంటే మంచాన పడుతవ్."

పెనం మీద రొట్టె మాడిపోయేదాకా ఆమె ఒడిలో ఏడ్చాను. కార్డు పంపాం. అమ్మ రాలేకపోయింది. ఒంటరితనమూ ఎక్కడికీ పోలేదు. అయితే రోజూ అక్క పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పుకునేదాన్ని. మెల్లగా ఆకలేసింది, బడికీ పోయాను.

ఇప్పుడు మాది నారాయణపేట జిల్లా అయింది, అందరి చేతుల్లో ఫోన్లు వచ్చాయి. మనవరాలు హైదరాబాదు హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. ఎప్పుడడిగినా "మంచిగున్న అవ్వా" అంటుంది. ఆ గొంతు నాకు తెలియదా! నిలదీస్తే ఇంకా ముడుచుకుపోతుందని, మొన్న ఫోన్లో ముందు నా గోడే చెప్పుకున్నాను.

"మీ తాత పోయినంక ఒక్కదాన్ని ఉండలేకపోతున్ననే."

అటునుంచి సన్నగా, "నేను గూడ ఉండలేకపోతున్న అవ్వా" అంది.

తెల్లారి మొదటి బస్సుకే నేను హైదరాబాదు బయలుదేరాను.