ఎందుకు మేడమ్ పెట్టిన పరీక్ష

ఆన్‌లైన్‌లో ఎలక్ట్రీషియన్ కోర్సు చెప్పే ఆవిడకి విద్యార్థులు పెట్టుకున్న పేరు ఎందుకు మేడమ్. స్విచ్ వేస్తే బల్బు వెలిగిందంటే ఆవిడకి చాలదు, ఎందుకు వెలిగిందో చెప్పాలి. అలాంటి మనిషికి మొదటి పరీక్ష జవాబులన్నీ కామాలతో సహా ఒకేలా వచ్చేసరికి ఒళ్లు మండిపోయింది. అందరికీ నూటికి నూరే. మర్నాడు క్లాసులో ఫ్యూజు ఎందుకు పోతుందని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

దాంతో పద్ధతి మార్చేసింది. పాఠం ఇంట్లో ఎవరికైనా చెప్పి, వాళ్ల ప్రశ్నలకి జవాబులిచ్చి, ఆ మాటలు ఫోన్లో రికార్డు చేసి పంపాలి. మార్కులు వాటికే. బట్టీ కొట్టినవాళ్లు రెండో ప్రశ్నకే నీళ్లు నమిలారు.

మేడమ్ కూరలు తరుగుతూ ఆ రికార్డింగులు వింటుంటే అత్తగారూ పక్కన చేరేది. వాటిల్లో ఒక పెద్దమ్మ ఆవిడకి తెగ నచ్చింది. ఆ పెద్దమ్మ మాటలున్నవి పంపేది ఒక గోదాము వాచ్‌మన్. కోర్సు పాసైతే అక్కడే కరెంటు పనిలోకి తీసుకుంటామన్నారు, లేకపోతే జీవితమంతా గేటు దగ్గరే. అతను చెబుతుంటే వాళ్ల పెద్దమ్మ వదిలిపెట్టేది కాదు.

"రెండు బల్బులు వరసగా కలిపితే వెలుతురు ఎందుకు తగ్గిందిరా? కరెంటంతా మొదటిదే తాగేసిందా?" అనేది.

అత్తగారు పొంగిపోయేది. ఆవిడని ఒకసారి ఇంటికి పిలవమని కోడలి ప్రాణం తీసేది.

వాచ్‌మన్ పంపిన ఆఖరి రికార్డింగు వింటున్నప్పుడు కూడా అత్తగారు ఊరుకుంటేనా? మధ్యలో దూరి ఏదో అంటుంది, కోడలు ఆపి మళ్లీ మొదటినుంచి పెడుతుంది. విసుక్కోబోయి మేడమ్ ఆగిపోయింది. ఈ ఇంట్లో ఒకరి మాట పూర్తయ్యేదాకా ఇంకొకరు ఆగిందెప్పుడు? మరి ఆ పెద్దమ్మ ఒక్కసారీ అడ్డుపడదేం? పాతవన్నీ మళ్లీ విన్నది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడింది ఎక్కడా లేదు.

ఫోన్ చేసి అడిగితే వాచ్‌మన్ దాచలేదు. గదిలో ఒక్కడే ఉంటాడు. పాఠం చెప్పడానికి ఎవరూ లేక, తనని పెంచిన పెద్దమ్మ గొంతు తెచ్చిపెట్టుకుని తనే ప్రశ్నలు అడిగాడు. ఆవిడ పోయి చాలా కాలమైంది.

"సున్నా వేస్తారని తెలుసు మేడమ్," అన్నాడు.

రూలు ప్రకారం సున్నాయే. కానీ ఆ ప్రశ్నలు వేసిందీ అతనే కదా అనుకునేసరికి మేడమ్‌కి జాలీ ముచ్చటా రెండూ కలిగాయి. పాఠం ఒంటబట్టనివాడికి అలాంటి ప్రశ్న తట్టదు. అయినా తేరగా మార్కులు వేసే మనిషా ఆవిడ?

"ఆ మార్కులన్నీ కొట్టేస్తున్నా. ఆదివారం ఫోన్ చేసి మా అత్తగారికి పాఠం చెప్పు. నీ మార్కులు దానికే," అంది.

పెద్దమ్మ లేదని అత్తగారికి చెప్పడం కష్టమే అయింది. అయినవాళ్లెవరో పోయినట్టు ఆవిడ కాసేపు దిగాలుగా కూర్చుంది. తర్వాత, ఆదివారం ఏ పాఠమని అడిగింది.

ఎర్త్ వైరు పాఠం. అత్తగారు అడుగడుగునా అడ్డుపడింది. అతను తడబడ్డాడు, సర్దుకున్నాడు, విసుక్కోకుండా మళ్లీ చెప్పాడు. పాఠం సగంలో ఉండగానే అత్తగారు ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, మూడు పిన్నుల్లో లావుపాటిది పట్టుకుని, ఎర్త్ ఇదేగా అన్నట్టు కోడలికి సైగ చేసింది. మేడమ్ నవ్వు ఆపుకుంటూ మార్కులు వేసింది. పాసయ్యావని అతనికి చెప్పింది.

అతను మేడమ్‌కి దణ్ణాలు చెప్పుకుని, అత్తగారితో, "మీకు అర్థమైందా పెద్దమ్మా?" అన్నాడు.

అత్తగారు ప్లగ్గు ఒళ్లో పెట్టుకుంది.

"ఎక్కడర్థమైంది నాయనా? వచ్చే ఆదివారం మళ్లీ చెప్పాలి నువ్వు," అంది.