లారీ ఆటలో మంచు

కడియం నర్సరీల మొక్కలు తోలే లారీ మా అన్నయ్యది కాదు, షావుకారుగారిది. కానీ నాకు ఊహ తెలిసినప్పటినుంచీ దాన్ని నడిపింది అన్నయ్యే. అందుకే కంప్యూటర్లో మా కాలవగట్టు రోడ్డు మీద నడిచే లారీ ఆట తయారుచేస్తూ మంచు దగ్గర చిక్కుపడినప్పుడు ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, అదే గేమ్ ఇంజిన్, తనంతట తాను ఇచ్చే మంచు నాకు నచ్చలేదు. దూరంగా ఉన్న ప్రతిదానికీ ఒకే తెలుపు పూసేస్తుంది. తెరమీద ఎక్కడ ఏ రంగు పడాలో చెప్పే చిన్న ప్రోగ్రాంని షేడర్ అంటారు. దాన్ని సొంతంగా తిరగరాశాను.

"ఇది మంచేంట్రా, రైసుమిల్లు పొగలా ఉంది," అని నవ్వాడు అన్నయ్య. "మంచు కాలవ మీద కిందకి పట్టి ఉంటది. పైన కొబ్బరి మట్టలు కనపడతానే ఉంటాయి."

అలాగే మార్చాను, నీళ్ల మీద చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా. నాకు తెల్లారగట్ట మా కాలవ గట్టున నిలబడ్డట్టే ఉంది. అన్నయ్యకి ఆనలేదు.

"ఎక్కువైంది, తగ్గించు."

తగ్గించాను.

"ఇంకొంచెం."

ఎంత పట్టింపో అని మురిసిపోతూ తగ్గించుకుంటూ పోయాను. చివరికి మంచు సున్నాకొచ్చింది. కడిగినట్టున్న రోడ్డు, పక్కన మైలురాయి, దానిమీద పెద్దపెద్ద అక్షరాలు.

"ఇంకొంచెం తగ్గించరా," అన్నాడు.

తెరమీద వేలు పెట్టాను. "ఆ మైలురాయి మీద ఏం రాసుందన్నయ్యా?" అని అడిగాను.

"మైలురాయేదిరా?"

రాజమండ్రిలో కళ్ల డాక్టరుగారు మెల్లగానే చెప్పారు. "నీటికాసులండి, గ్లాకోమా అంటారు. రెండు కళ్ల నరాలూ దెబ్బతిన్నాయి. ఈ మందు ఉన్న చూపు కాపాడుకోడానికే. పోయింది తిరిగి రాదండి." ఆ సాయంత్రమే అన్నయ్య లారీ తాళాలు షావుకారుగారికి ఇచ్చేశాడు. ఇప్పుడు అరుగుమీద కూర్చుని, వెళ్లే లారీల హారన్లు వింటూ ఉంటాడు.

నాకు ఆ ఆటంటేనే అసహ్యం పుట్టింది. తెరమీది మంచు నేను చెప్పినట్టల్లా వింటుంది. ఆయన కళ్లముందున్నది పిసరంత కూడా కదలదు. ఇంత చదువూ ఎందుకు చదివానా అని ఏడుపొస్తుంది.

మొన్న తనే అడిగాడు. "ఆ మంచు ఏం చేశావురా? చూపించు."

అదే రోడ్డు తెరిచాను. మంచు సున్నాలోనే ఉంది. తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. తర్వాత నా భుజం తడుముకుని చెయ్యి వేశాడు.

"ఇప్పుడు సరిపోయిందిరా," అన్నాడు.

నేనేమీ మార్చలేదు.